సూర్యాస్తమయాన్ని ఒప్పుకోని జవాబుదావా

ఆ రోజు సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలకు గోదావరి దక్షిణపు గడ్డన పొద్దు గూకింది. రోజూ గూకేదే. కాని ఆ రోజు దాన్ని చూడటానికి శాసనసభ సభ్యుడు ఒకాయన చేతి గడియారం ముందుకు పెట్టుకుని ఇసుకలో నిలబడి ఉన్నారు. ఆయన అక్కడ నిలబడటానికి కారణం నేను. ఇరవై రెండేళ్ల వయసులో, పని బాగా వచ్చుననే నమ్మకంతో, నేను ఒక చట్టం మీద జవాబుదావా వేశాను.

ఆ రోజుల్లో కరీంనగర్‌లో వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్నవాడికి తెలియనిది లేదని ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు అనుకునేవారు. వాళ్లు అలా అనుకుంటున్నారు గనుక గుమాస్తాలు కూడా అలాగే అనుకునేవారు. నేను మా వకీలు సాబ్ దగ్గర చేరి మూడేళ్లయింది. ఆయన నన్ను ‘మున్షీ’ అని పిలిచేవారు. ఆయన నాకు నేర్పిన పని ప్రధానంగా ఒకటే. ఎవరైనా మన మనిషి మీద దావా వేస్తే అందులోని ప్రతి పేరాకూ జవాబు రాయాలి. అదే జవాబుదావా. ‘ఒప్పుకోము అని రాయకుండా వదిలేసిన మాట ఒప్పుకున్నట్లే, యాద్ పెట్టుకో’ అని నేను చేరిన మొదటి రోజే ఆయన చెప్పారు. నేను యాద్ పెట్టుకున్నాను. ఇంట్లో అమ్మ ‘కూరలో ఉప్పు ఎక్కువైనట్లుంది’ అంటే కూడా, రుజువు చేసుకోవలసిన భారం ఎవరిదా అని ఆలోచించే స్థితికి వచ్చాను.

వకీలు సాబ్ ఈమధ్యనే పోయారు. పదకొండో రోజు అయిపోయాక, బీరువాలో కాగితాలు ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో చూసి చెప్పమని వాళ్లింటి నుంచి కబురు పంపారు. నేనూ ముసలివాణ్ణే, నా కళ్లూ అంతంత మాత్రమే. అయినా వెళ్లాను. మూడో అరలో అడుగున ఆ జవాబుదావా నకలు కనబడింది. నా చేతిరాతే. పదకొండో పేరా పక్కన ఆయన ఎర్ర పెన్సిలు గీత ఉంది. నేను అక్కడే నేల మీద కూర్చుని మొత్తం చదివాను. పరామర్శకు వచ్చిన మనిషి ఒంటరిగా కూర్చుని నవ్వుతుంటే చూసి, వాళ్ల కోడలు ఏమీ అడగకుండా చాయ్ గ్లాసు పక్కన పెట్టి వెళ్లిపోయింది.

సంగతి ఇది. హైదరాబాదు రాజ్యం పోయి, అటు జిల్లాలూ ఇటు జిల్లాలూ కలిసి ఒక్క రాష్ట్రమైన కొత్తలో, అటొక చట్టం ఇటొక చట్టం ఉన్న చోటల్లా రెండూ కలిపి ఒకటి చేస్తున్నారు. నదుల మీద పడవ రేవులకు కూడా కొత్త బిల్లు ఒకటి తయారైంది. సభలో పెట్టేముందు దాన్ని పరిశీలించడానికి కొందరు సభ్యుల సంఘం ఏర్పడింది. ఆ సంఘం జిల్లాలు తిరుగుతోంది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్లు ఏమైనా చెప్పుకోవాలంటే ఫలానా తేదీలోపు కాగితం పెట్టుకోవాలి, తరువాత కరీంనగర్ కలెక్టరు కచేరీలో సంఘం ముందుకు రావాలి. ఊళ్లలో డప్పు కొట్టి చాటించారు.

గడువు ఇంకా రెండు రోజులుందనగా రేవు అవ్వ మా ఆఫీసుకు వచ్చింది. చెన్నూరు పక్కన గోదావరి మీద ఒక రేవు. ఉత్తరపు గడ్డ ఆదిలాబాద్ జిల్లా, దక్షిణపు గడ్డ కరీంనగర్ జిల్లా. ఆమె గుడిసె ఉత్తరాన, చెన్నూరు వైపు ఉంటుంది. మొగుడు పోయాక పడవ ఆమే నడిపేది. అరవై ఏళ్లుంటాయి. చేతులు మాత్రం అరవై ఏళ్ల చేతులు కావు. తెల్లవారుజామున నది దాటి, నడిచి, బస్సెక్కి వచ్చింది.

“వకీలు సాబ్ లేడా, కొడుకా?”

“హైదరాబాదుకు పోయిండు అవ్వా. రేపొస్తడో ఎల్లుండొస్తడో. ఏం పనో చెప్పు. నేను లేనా?”

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. లేనట్లే చూసింది. అయినా గత్యంతరం లేక చెప్పింది.

“పొద్దు గూకినంక పడవ కదిలిస్తే జైలంట. పడవ గుంజుకుంటరంట. పట్వారి సదివి చెప్పిండు. అవతలి గడ్డన తొమ్మిది ఊర్లున్నయి. దవాఖాన చెన్నూర్లనే. రాత్రి పురిటి నొప్పులు పట్టలేక తల్లడిల్లేదాన్ని పొద్దు పొడిచెదాంక ఆగుమంటవా? పాము కుట్టినోన్ని ఆగుమంటవా?”

తరువాత మంటల సంగతి చెప్పింది. చీకటి పడ్డాక అవతలి గడ్డన ఎవరైనా గడ్డి కట్టకు నిప్పంటించి ఒక్క మంట చూపితే, ‘మేం వచ్చినం, పొద్దున దాటించు’ అని అర్థం. రెండు మంటలు పక్కపక్కన చూపితే ప్రాణం మీదికి వచ్చిందని. రెండు మంటలు చూస్తే ఆమె వెళ్లాలి. వానైనా, జ్వరమైనా. ఇది ఎవరు పెట్టిన ఆచారమని అడిగాను.

“నా పెద్దబిడ్డ అవతలి గడ్డనే పానం ఇడిసింది, కొడుకా. నేనూ అదీ మా అత్తగారూరికి పోయినప్పుడు. ఒక్క మంటనే చూపినం. పడవకాడ ఉన్న మా ఆయన పొద్దున వద్దామనుకున్నడు. అప్పటిసంది రెండు మంటలు.”

ఈ ముక్క నేను కాగితంలో రాయలేదు. రాయడానికి నమూనాలో చోటు లేదు. నాకు తెలిసిన నమూనా ఒకటే అని ముందే చెప్పాను.

ఆ రాత్రీ మరునాడూ కూర్చుని రాశాను. పైన ‘వాది: సర్కారు. ప్రతివాది: రేవు అవ్వ’ అని పెట్టాను. ఆమె చేత కింద వేలిముద్ర వేయించి ఉంచాను గదా, ఇక అడ్డేముంది. బిల్లులో ఇరవై రెండు క్లాజులు. ఇరవై రెంటినీ వదలలేదు. ‘ఈ చట్టమును రేవుల చట్టమని పిలువవచ్చును’ అన్న మొదటి క్లాజుకు, ‘పిలువవచ్చునను సంగతి ప్రతివాదికి తెలియదు, వాది రుజువు చేసుకోవలెను’ అని రాశాను. ‘ఇది రాష్ట్రమంతటికిని వర్తించును’ అన్నదానికి ‘పూర్తిగా అబద్ధము, దురుద్దేశముతో కల్పించినది’ అని రాశాను. ‘పడవ అనగా నీటిపై మనుష్యులను మోయునది’ అన్నదాన్ని కూడా ఒప్పుకోలేదు (ఒప్పుకుంటే తరువాత ఏం ముంచుకొస్తుందో ఎవరికి తెలుసు). పదకొండో క్లాజు అసలు ముల్లు. సూర్యాస్తమయం తరువాత పడవ నడపరాదన్నది అదే. దానికి మామూలు నమూనా ప్రకారం, ‘సూర్యుడు అస్తమించెనను మాట ఒప్పుకొనము. ఏ గడియకు, ఏ స్థలమున, ఎవరి ఎదుట అస్తమించెనో వాది ఎక్కడను చెప్పలేదు’ అని బిగించాను. రాత్రుళ్లు ఎందుకు దాటించాలో, రెండు మంటల ఆచారమేమిటో కూడా ఆ పేరాలోనే చేర్చాను. చివర, విధవరాళ్ల దావాలన్నిటిలో ఉండే వాక్యం అలవాటుగా చేయి దానంతట అది రాసింది: ‘ప్రతివాది పరదా పాటించు అబల, లోకవ్యవహారము ఎరుగదు.’ అటు తరువాత ప్రార్థన. స్థల పరిశీలన చేయించవలెను. బిల్లును ఖర్చులతో సహా కొట్టివేయవలెను.

స్టాంపు అంటించి గడువు రోజు కచేరీలో ఇచ్చాను. తీసుకున్న గుమాస్తా కూడా నాలాంటివాడే. స్టాంపు సరిగ్గా ఉందా అని చూసి ముద్ర కొట్టాడు.

వకీలు సాబ్ అనుకున్నదానికంటే ఆలస్యంగా, సంఘం కూర్చునే రోజు పొద్దున దిగారు. నకలు ఆయన ముందు పెట్టి, మెచ్చుకోలు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన మొదటి పేజీ చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

“మున్షీ.”

“జీ సాబ్.”

“శాసనసభ మన మీద దావా ఏసిందా?”

“లేదు సాబ్.”

“మరి జవాబెవనికిరా ఇది?”

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. బిల్లు ఇంకా చట్టం కాలేదు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అభిప్రాయం చెప్పమన్నారు, అంతే. నేను మాత్రం ఒక రాష్ట్రాన్ని అబద్ధాలకోరు అని స్టాంపు కాగితం మీద రాసి ఇచ్చి వచ్చాను.

“వాపస్ తీసుకుందామా సాబ్?” అన్నాను.

ఆయన పేజీలు తిప్పుతున్నారు. పదకొండో పేరా దగ్గర ఆగారు. ఎర్ర పెన్సిలు అడిగి తీసుకుని గీత గీశారు. “వాపస్ తీసుకుంటే అన్నీ ఒప్పుకున్నట్లయితది. రాసింది రాసినవ్. నడువ్. నువ్వే సదువు.”

“నేనా సాబ్?”

“నేను సదివితే నా పరువు పోతది. నీకేం పోతది?”

కచేరీ హాల్లో పొడుగాటి మేజా వెనక సంఘం కూర్చుంది. అధ్యక్షుడు కోస్తా వైపు పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఆయన పక్కన నల్ల కళ్లజోడు పెట్టుకున్న సభ్యుడు. పదకొండో క్లాజు పెట్టించింది ఆయనేనని, ఎవరెంత చెప్పినా కదలడనీ ముందే చెప్పుకున్నారు. నేను లేచి చదవడం మొదలుపెట్టాను. మొదటి క్లాజు దగ్గర ఎవరో దగ్గారు. ‘దురుద్దేశముతో కల్పించినది’ దగ్గర అధ్యక్షుడు రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు. ‘పడవ అనగా’ దగ్గరికి వచ్చేసరికి హాలంతా నవ్వుతోంది. బంట్రోతు కూడా నవ్వుతున్నాడు. నేను ఆపలేదు. ఆపితే ఏడుస్తానని తెలుసు. ‘ప్రతివాది పరదా పాటించు అబల’ అని చదివాను. సరిగ్గా అప్పుడే ఆలస్యమైన ప్రతివాది లోపలికి వచ్చింది. చీర మోకాళ్ల పైకి ఎగ్గట్టి ఉంది, భుజాన పడవ నడిపే గెడ ఉంది (రేవులో వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని బస్సు పైన వేసుకొచ్చిందట). అడ్డం వచ్చిన బంట్రోతును గెడ కొసతోనే పక్కకు తప్పించి, “వకీలు సాబ్ యాడ?” అంది.

నవ్వు తగ్గడానికి సమయం పట్టింది. నల్ల కళ్లజోడు సభ్యుడు మాత్రం నవ్వలేదు. “ఇది సరదా విషయం కాదండీ. మా వైపు నిరుడు రాత్రిపూట లాంచీ మునిగిపోయింది. నేను ఒడ్డున నిలబడి శవాల్ని లెక్కపెట్టాను. ఆ క్లాజు అందుకే పెట్టాను,” అన్నారు. హాలు ఒక్కసారి చల్లబడింది. నా చేతిలో కాగితం ఇంకా చిన్నదైపోయినట్లు అనిపించింది.

అధ్యక్షుడు పదకొండో పేరాను మళ్లీ చదివించుకున్నారు. “ఏమిటయ్యా ఇది? సూర్యుడు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఎదుట అస్తమించాడని అడుగుతున్నావు. సూర్యాస్తమయానికి సాక్షులు కావాలా?”

నేను వకీలు సాబ్ వైపు చూశాను. ఆయన పైకప్పు చూస్తున్నారు. రేవు అవ్వ జవాబు చెప్పింది.

“పిల్లగాడు సక్కగనే రాసిండు గదా సారూ. ఏ గడ్డన గూకుడో మీరు చెప్పకపోతిరి. మా దగ్గర అటు గడ్డన గుట్ట ఉన్నది. ఆ గడ్డకు పొద్దు ముందుగాల గూకుతది. ఇటు గడ్డన ఇంక మంచిగ ఎండ ఉంటది. నేను ఎండల పడవెక్కిచ్చుకుంట. అటు దిగేటాళ్లకు చీకటైతది. పోలీసు జమేదారు అటు నిలబడి ఉంటడు. జైల్ల పెడ్తవా నన్ను? నది నడుమ ఆగి పొద్దును అడిగి రావాల్నా?”

హాల్లో ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక సభ్యుడు పంచాంగంలో వేళ ఉంటుంది గదా అన్నారు. “జమేదారు సంకల పంచాంగం పెట్టుకుంటడా సారూ?” అంది అవ్వ. అధ్యక్షుడు నా కాగితం చివరి పేజీ తిప్పి చూశారు. “స్థల పరిశీలన అడిగారు. చేద్దాం. ఖర్చుల సంగతి తరువాత చూద్దాం.” ఆ చివరి మాట నన్ను చూసి అన్నారు. అది హాస్యమని నాకు చాలా రోజుల వరకు తెలియలేదు.

అలా నాలుగు రోజుల తరువాత సంఘం చెన్నూరు రేవుకు వచ్చింది. అధ్యక్షుడు, వకీలు సాబ్, రేవు అవ్వ, నేను ఉత్తరపు గడ్డన ఉన్నాం. నల్ల కళ్లజోడు సభ్యుడిని, ఇద్దరు మనుషులతో, అవ్వ ముందే దక్షిణపు గడ్డన దింపి వచ్చింది. రెండు గడియారాలు కలిపి చూసుకున్నారు. పొద్దు కనబడకుండా పోగానే ఆయన తెల్ల రుమాలు ఊపాలి. వేళ రాయడం నా పని. పరిశీలనకు గుమాస్తా ఎత్తయిన చోట కూర్చోవాలని ఎక్కడో చదివాను గనుక, ఇసుకకు తగిలి ఉన్న పడవ ముక్కు మీద సిరాబుడ్డితో కూర్చున్నాను. నాకు ఈత రాదు.

అధ్యక్షుడు అవ్వను రెండు మంటల గురించి అడిగారు. “ఒకసారి చూపించగలవా అమ్మా? మాకూ తెలుస్తుంది.”

“ఉత్తగ చూపెట్టేది కాదు సారూ అది. ఉత్తగ ఒక్కపారి చూపెడితే, రేపు నిజంగ చూపెట్టినా కాళ్లు కదలయి.”

ఆయన తల ఊపారు. మరి అడగలేదు. ఐదూ ఇరవైకి అవతల రుమాలు ఊగింది. రాసుకున్నాను. మా గడ్డన ఎండ ఇంకా ముఖం మీద పడుతోంది. “చూసినవా, సాబ్?” అని అవ్వ వకీలు సాబ్‌తో అంటోంది. అంతలో గుట్ట నీడలో రెండు మంటలు కనబడ్డాయి. పక్కపక్కన.

సగం మాటలో అవ్వ లేదు. గెడ ఇసుకలో దిగింది, పడవ నీళ్లలోకి జారింది, నేను పడవలోకి వెనక్కి పడ్డాను. సిరా నా చొక్కా మీద పడింది. ఒడ్డు నుంచి వకీలు సాబ్, “అవ్వా, మున్షీ ఉన్నడు!” అని అరిచారు. ఆమె వెనక్కి తిరగలేదు. “కూసో కొడుకా, కదలకు,” అంది, అంతే. నేను రెండు చేతులా పడవ అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. పరదా పాటించే అబల మనిషి ఎంత వేగంగా గెడ వేయగలదో నేనొక్కడినే దగ్గరగా చూశాను, అదీ కొంచెమే.

అవతలి గడ్డ తగలగానే ఆమె మోకాలి లోతు నీళ్లలోకి దూకింది. “ఎవలకు? ఏమైంది? ఎవలకు?”

నల్ల కళ్లజోడు సభ్యుడు మండుతున్న గడ్డి కట్ట పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంకోటి ఆయన మనిషి చేతిలో ఉంది. కచేరీలో విన్నది నిజమో కాదో చూద్దామని వెలిగించారు. ఇటు అవ్వ వద్దన్న సంగతి ఆయనకు తెలియదు. ఆమె ముఖం చూశాక ఆయన గడ్డి కట్టను మెల్లగా నీళ్లలో ముంచి ఆర్పారు.

“ఎవరికీ ఏమీ కాలేదమ్మా,” అన్నారు. “నేనే.”

ఆమె ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. “సల్లగుంటే సాలు. ఎక్కుండ్రి, సారూ.”

తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన అనుకున్నారేమో, నాకు అలా అనిపించింది. తిరుగుదారిలో ఆయన నా ఎదురుగా కూర్చున్నారు. నది నడుమకు వచ్చేసరికి గుట్ట నీడ దాటి, ఎండ మళ్లీ మా మీద పడింది. ఆయన కళ్లజోడు పైకెత్తి సూర్యుణ్ణి చూశారు, గడియారాన్ని చూశారు, సిరాతో తడిసిన నన్ను చూశారు.

“ఏమయ్యా, ఇప్పుడు అస్తమించినట్లా, లేనట్లా?”

మూడేళ్ల శిక్షణ వృథా పోలేదు. “ఒప్పుకోము సార్,” అన్నాను.

ఆ రోజు ఆయన నవ్వడం మొదటిసారి చూశాను. మేం దిగిన తరువాత కూడా ఉత్తరపు గడ్డన పొద్దు ఉంది. ఐదూ నలభై ఆరుకు గూకింది. ఆయన అంతవరకు నిలబడి, ఒకే సాయంత్రం రెండోసారి, పూర్తిగా చూసి వెళ్లారు.

బిల్లు చట్టమైంది. పదకొండో క్లాజు ఉంది, ఉండవలసిందే, మునిగినవాళ్ల కోసం. దాని కింద ఒక వాక్యం కొత్తగా చేరింది: రోగులను, ప్రసవవేదన పడుతున్న స్త్రీలను, ఆపదలో పిలిచినవారిని దాటించుటకు ఈ నిషేధము వర్తింపదు. ఆ వాక్యం నల్ల కళ్లజోడు సభ్యుడే స్వయంగా రాసి చేర్పించారని విన్నాం. గెజిట్ వచ్చిన రోజు వకీలు సాబ్ దాన్ని నాలుగుసార్లు చదివారు. చేరువలో ఉన్న వకీళ్లందరినీ పిలిచి చదివారు. తొమ్మిది ఊళ్ల వాళ్లు బస్సు నిండా వచ్చి మా ఆఫీసు గడప ముందు డప్పులు కొట్టారు. నన్ను భుజాల మీద ఎక్కించుకుంటామన్నారు, ఎత్తు భయమని తప్పించుకున్నాను. రేవు అవ్వ వచ్చి, నా చొక్కా పాడుచేసినందుకు కొత్త చొక్కా గుడ్డ చేతిలో పెట్టింది. వద్దంటే కొట్టేలా చూసింది.

ఆ సందడిలో కూడా నాకు ఒకటే వెలితి. “సాబ్, ఖర్చులు?” అని అడిగాను.

వకీలు సాబ్ డిక్రీ చదివే గొంతుతో చెప్పారు: “గెల్చినం, మున్షీ. ఖర్చులు ఎవరివి వాళ్లే భరించుకోవాలె.”

బీరువాలో దొరికిన నకలు నేను తీసేయమని చెప్పలేదు. అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. చట్టసభను అబద్ధాలకోరు అని రాసిన ఆ పిల్లవాడి రాత గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా ఉంది. అనుమానం అంటే ఏమిటో ఎరగని రాత. ఇప్పుడు నేను మందుల చీటీ చదవాలన్నా రెండుసార్లు కళ్లజోడు తుడుచుకుంటాను, ఎదుటివాళ్లు ఏమన్నా సరేనంటాను. అప్పటివాణ్ణి చూస్తే నవ్వు వస్తుంది, కొంచెం అసూయ కూడా. రేవు అవ్వ పోయి చాలా ఏళ్లయింది. వకీలు సాబ్ పోయి ఇంకా నెల కాలేదు. గోదావరి మీద వంతెన వచ్చింది, బస్సులు ఏ వేళకైనా దాటుతాయి. ఆ గడ్డన ఇప్పుడు ఎవరూ రెండు మంటలు వెలిగించరు.